పదవీ విరమణకు ముందే వైద్యభద్రత: విశ్వాసి బాధ్యత

మొదటి ఖుత్బా

సర్వస్తుతులూ అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయననే స్తుతిస్తున్నాము, ఆయన సహాయాన్నే అర్థిస్తున్నాము, మన పాపాలకు ఆయన మన్నింపునే వేడుకుంటున్నాము. అంతిమ దైవప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (స)పై, ఆయన కుటుంబీకులపై, ఆయన సహచరులందరిపై అల్లాహ్ శాంతిశుభాలు వర్షించుగాక!

గౌరవనీయులైన ధార్మిక సోదరులారా! సోదరీమణులారా! ముందుగా నాకూ, మీకూ దైవభీతిని గురించి తాకీదు చేస్తున్నాను. దైవభీతి మస్జిదు గడప దాటగానే ముగిసిపోయే విషయం కాదు. మన సంపాదనలో, మన ఖర్చులో, మన కుటుంబ బాధ్యతలో, మన శరీరం పట్ల మనం చూపే శ్రద్ధలో కూడా అది కనిపించాలి. ఈ రోజు మనం మాట్లాడుకోబోయే విషయం కొందరికి జుమా ప్రసంగానికి తగినది కాదేమో అనిపించవచ్చు. ఉద్యోగం నుంచి, పని నుంచి విరమించే వయస్సు దగ్గర పడుతున్నప్పుడు వైద్యం కోసం ప్రభుత్వం కల్పించిన సదుపాయాలను ఎలా సిద్ధం చేసుకోవాలన్నది ఆ విషయం. ఇందులో మన శరీరమనే అమానతు ఉంది, తల్లిదండ్రుల హక్కు ఉంది, వడ్డీ నుంచి కుటుంబాన్ని కాపాడుకోవడం ఉంది. కనుక ఇది ధర్మానికి సంబంధించిన విషయమే.

సోదరులారా! మనిషి జీవితాన్ని గురించి దివ్య ఖుర్ఆన్ ఒక సత్యాన్ని మన ముందు ఉంచుతున్నది. అల్లాహ్ మనిషిని బలహీన స్థితిలో పుట్టించాడని, ఆ బలహీనత తరువాత బలాన్ని ఇచ్చాడని, ఆ బలం తరువాత మళ్లీ బలహీనతను, వృద్ధాప్యాన్ని కలిగించాడని సూరా అర్రూమ్ 54వ వాక్యం తెలుపుతున్నది. బలం మన సొత్తు కాదు. రెండు బలహీనతల మధ్య కొంతకాలం కోసం మనకు అప్పగించబడిన అమానతు అది. ఆ బలం ఉన్న కాలంలో, రానున్న బలహీనత కోసం మనం ఏమి సిద్ధం చేసుకున్నామన్నదే నేటి ప్రశ్న.

అయిదు స్థితులు రాకముందే అయిదు స్థితులను సద్వినియోగం చేసుకోవలసిందిగా దైవప్రవక్త (స) ఉపదేశించారు. వృద్ధాప్యానికి ముందు యౌవనాన్ని, అనారోగ్యానికి ముందు ఆరోగ్యాన్ని, పేదరికానికి ముందు కలిమిని, తీరికలేని స్థితికి ముందు తీరికను, మరణానికి ముందు జీవితాన్ని. ఈ హదీసును మనం ఆరాధనల సందర్భంలో తరచుగా వింటాము. ఆరాధనలకు అది ఎలా వర్తిస్తుందో, ఇహలోక బాధ్యతలకూ అలాగే వర్తిస్తుంది. పదవీ విరమణ అన్నది వృద్ధాప్యం, అనారోగ్యం, ఆదాయం తగ్గడం, ఈ మూడూ ఒకేసారి తలుపు తట్టే సమయం.

తవక్కుల్ పేరిట అజాగ్రత్త తగదు

మనలో కొందరు పెద్దలు ఇలా అంటుంటారు: "వ్యాధిని ఇచ్చేవాడు అల్లాహ్, నయం చేసేవాడు అల్లాహ్. ఈ కార్డులు, కాగితాలు మనకెందుకు?" మాటలోని మొదటి భాగం పరమ సత్యం. రెండవ భాగం తవక్కుల్ కాదు. ఒంటెను కట్టి అల్లాహ్‌పై భారం వేయాలా, లేక వదిలిపెట్టి భారం వేయాలా అని ఒక వ్యక్తి అడిగినప్పుడు, ముందు దానిని కట్టి, ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయమని దైవప్రవక్త (స) నేర్పారు. అంటే తాడు వేయడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు, అందులో భాగమే.

హజ్రత్ యూసుఫ్ (అలై) జీవితాన్ని చూడండి. ఏడు సంవత్సరాల సమృద్ధి, ఆ తరువాత ఏడు సంవత్సరాల కరవు వస్తాయని అల్లాహ్ ఆయనకు తెలియజేశాడు. "అల్లాహ్ చూసుకుంటాడు" అని ఆయన ఊరుకోలేదు. పండిన పంటలో తినడానికి అవసరమైనంత మాత్రమే తీసుకొని, మిగిలినదానిని వెన్నులతోనే నిలవ చేయించే ప్రణాళిక చెప్పారు. అల్లాహ్‌పై ఆయనకున్న నమ్మకంకంటే ఎక్కువ నమ్మకం మనకున్నదా? కరవు వస్తుందని తెలిసినప్పుడు ధాన్యం నిలవ చేయడం ప్రవక్తల పద్ధతి. వృద్ధాప్యం వస్తుందని మనకు తెలుసు. అది కలలో తెలిసినది కూడా కాదు, కళ్ల ముందు కనిపిస్తున్నది.

చికిత్స విషయంలో కూడా దైవప్రవక్త (స) ఆదేశం స్పష్టం. చికిత్స చేయించుకోవాలా అని పల్లెవాసులైన అరబ్బులు అడిగినప్పుడు, చేయించుకోమని, అల్లాహ్ ప్రతి వ్యాధికీ ఒక మందును ఉంచాడని, ఒక్క వ్యాధికి తప్ప అని ఆయన సెలవిచ్చారు. ఆ ఒక్కటి ఏమిటని అడగగా, అది వృద్ధాప్యమని చెప్పారు. దీనినుంచి రెండు విషయాలు గ్రహించాలి. వృద్ధాప్యాన్ని ఆపలేము, దానికి మందు లేదు. కాని వృద్ధాప్యంలో వచ్చే వ్యాధులకు మందు ఉంది, ఆ మందును వెదకడం మన బాధ్యత.

అజాగ్రత్తకు చెల్లించే మూల్యం

సోదరులారా! మన బస్తీలలో, మన పట్టణాలలో జరుగుతున్నదేమిటో మీకు తెలియనిది కాదు. ఇంటి పెద్దకు గుండెపోటు వస్తుంది, లేదా తుంటి ఎముక విరుగుతుంది, లేదా మూత్రపిండాలు దెబ్బతింటాయి. కుటుంబం ఆదరాబాదరాగా దగ్గరలోని ఆసుపత్రికి పరుగెత్తుతుంది. బిల్లు లక్షలలో వస్తుంది. ముందుగా ఇంటి ఆడవారి బంగారం తాకట్టు కొట్టుకు చేరుతుంది. అది చాలక వడ్డీ వ్యాపారి దగ్గరకు కొడుకు వెళ్తాడు. జీవితమంతా వడ్డీకి దూరంగా బతికిన తండ్రి, తన చివరి రోజులలో తన చికిత్స కోసమే తన కొడుకు వడ్డీ పత్రంపై సంతకం చేయడం చూస్తాడు.

వడ్డీ తినేవానినే కాక, ఇచ్చేవానిని, ఆ పత్రం రాసేవానిని, దానికి సాక్షులుగా నిలిచేవారిని కూడా దైవప్రవక్త (స) శపించారని మనకు తెలుసు. అప్పు భారం నుంచి ఆయన తన ప్రార్థనలలో అల్లాహ్ శరణు కోరేవారని కూడా తెలుసు. మరి ఏ రుసుమూ లేకుండా లభించే చికిత్స అందుబాటులో ఉండగా, కేవలం ఒక కార్డు చేయించుకోని కారణంగా, కాగితంలో పుట్టినతేదీ సరిగా లేని కారణంగా, కుటుంబాన్ని వడ్డీ ఊబిలోకి నెట్టడం ఎంత బాధాకరం! నేను వడ్డీ జోలికి పోనని సంకల్పించుకుంటే సరిపోదు. వడ్డీవైపు తోసే దారులను ముందే మూసివేయడం కూడా ఆ సంకల్పంలో భాగమే.

హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) తీవ్రంగా జబ్బుపడి, తన ఆస్తినంతా దానం చేయదలచినప్పుడు దైవప్రవక్త (స) అంగీకరించలేదు. మూడవ వంతే చాలునని, అదే ఎక్కువని చెప్పి, వారసులను ఇతరుల ముందు చేయి చాచే స్థితిలో వదిలిపోవడంకంటే వారిని కలిగినవారిగా వదిలివెళ్లడం మేలని బోధించారు. దానం చేయడంలోనే కుటుంబ క్షేమాన్ని ఇంతగా గమనించమని చెప్పిన ధర్మం, ముందుచూపు లేక కుటుంబాన్ని అప్పులపాలు చేయడాన్ని ఎలా మెచ్చుతుంది?

ఇది భిక్ష కాదు, హక్కు

ఇక మరికొందరికి బిడియం అడ్డువస్తుంది. "ప్రభుత్వ పథకంలో పేరు రాయించుకోవడమా? నేనేమైనా బికారినా?" అంటారు. ఆత్మాభిమానం మంచిదే. కాని ఇక్కడ దానికి చోటు లేదు.

హజ్రత్ ఉమర్ (రజి) పాలనాకాలంలోని ఒక సంఘటనను ఇమామ్ అబూ యూసుఫ్ తన కితాబుల్ ఖరాజ్‌లో నమోదు చేశారు. చూపు కోల్పోయిన ఒక వృద్ధుడు ఇంటింటా యాచిస్తూ ఉమర్ (రజి) కంటపడ్డాడు. అతడు యూదుడు. వయసుమళ్లి, అవసరాలు తీరక, చెల్లించవలసిన జిజియా కోసం యాచిస్తున్నానని అతడు చెప్పాడు. ఉమర్ (రజి) అతని చేయి పట్టుకొని తన ఇంటికి తీసుకువెళ్లి, ఉన్నదేదో ఇచ్చి, ఆ తరువాత బైతుల్‌మాల్ అధికారిని పిలిపించారు. ఇతనివంటి వారిని చూడమని, వయసులో ఉన్నప్పుడు వారి కష్టాన్ని అనుభవించి, ముసలితనంలో వారిని వదిలివేయడం న్యాయం కాదని చెప్పి, అతనిపై జిజియాను తొలగించారు. వృద్ధుని పోషణను దయాధర్మంగా కాక, అతడు చేసిన శ్రమకు సమాజం తీర్చవలసిన రుణంగా ఆయన చూశారు.

1284లో కైరోలో సుల్తాన్ ఖలావూన్ నెలకొల్పిన మన్సూరీ వైద్యశాల వక్ఫ్ ఆదాయంతో నడిచేది. ధనికులు, పేదలు, స్త్రీలు, పురుషులు అన్న భేదం లేకుండా అక్కడ చికిత్స జరిగేది. చికిత్స కోసం ఉమ్మడి నిధిని ఏర్పరచడం, దానిని అందరూ గౌరవంగా వాడుకోవడం మన చరిత్రకు కొత్త కాదు.

మన దేశంలో మీరు కొన్న ప్రతి వస్తువుపై, మీరు చేసిన ప్రతి వ్యాపారంపై పన్ను చెల్లించారు. అద్దె గదిలో ఉండే కూలీ కూడా సబ్బుబిళ్ల కొన్నప్పుడు పన్ను కడుతున్నాడు. ఆ నిధిలో నుంచే ఈ పథకాలు నడుస్తున్నాయి. కనుక మీ పేరు నమోదు చేయించుకోవడం యాచించడం కాదు.

బీమా విషయంలో ఒక సందేహం

"బీమా ధర్మసమ్మతమేనా?" అని అడిగేవారున్నారు. ఇది అడగవలసిన ప్రశ్నే. 1985 డిసెంబరులో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ, స్థిరమైన ప్రీమియంతో నడిచే వాణిజ్య బీమాను నిషిద్ధమని, పరస్పర సహకారంపై నడిచే బీమాను సమ్మతమని తీర్మానించింది. వాణిజ్య బీమాలోని అనిశ్చితి, వడ్డీ ఈ అభ్యంతరానికి ముఖ్య కారణాలు.

అయితే మనం ఇప్పుడు చెప్పుకోబోయే వృద్ధుల పథకంలో లబ్ధిపొందేవాడు ఏ ప్రీమియమూ కట్టడు. ఎవరితోనూ క్రయవిక్రయ ఒప్పందం చేసుకోడు. ఖర్చును ప్రభుత్వమే భరిస్తుంది. దాని పేరులో బీమా అన్న మాట వినిపించినా, లబ్ధిదారుని వైపు నుంచి చూస్తే అది ప్రభుత్వం తన పౌరునికి చేసే సహాయం. వాణిజ్య బీమాపై ఉన్న అభ్యంతరాన్ని దీనికి అంటగట్టి వృద్ధులను చికిత్సకు దూరం చేయడం తగదు. ఉద్యోగి కొంత చెల్లించే పథకాల గురించి, కంపెనీ బీమాల గురించి సందేహమున్నవారు తమకు నమ్మకమున్న ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవాలి. కాని ఆ ప్రశ్నను ఆరోగ్యంగా ఉన్నప్పుడే అడగాలి. ఆసుపత్రి వరండాలో నిలబడి అడిగే ప్రశ్న కాదది.

డెబ్బై ఏళ్లు నిండినవారికి ఉన్న సదుపాయం

ప్రియమైన సోదరులారా! ఇప్పుడు వివరాలు వినండి. ఆయుష్మాన్ భారత్ ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన 2018 సెప్టెంబరు 23న ప్రారంభమైంది. మొదట అది పేద కుటుంబాలకు మాత్రమే ఉండేది. 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపిన తరువాత, అదే సంవత్సరం అక్టోబరు 29 నుంచి 70 సంవత్సరాలు నిండిన ప్రతి పౌరునికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, దానిని విస్తరించారు. వారికి ఇచ్చే కార్డును ఆయుష్మాన్ వయ వందన కార్డు అంటారు. సంవత్సరానికి 5 లక్షల రూపాయల వరకు, పథకంలో చేరిన ఆసుపత్రులలో చేర్చుకొని చేసే చికిత్సకు అది వర్తిస్తుంది. అంతకుముందే ఉన్న వ్యాధులకు కూడా మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. నిరీక్షణకాలం లేదు.

ఒక ఇంట్లో భార్యాభర్తలిద్దరూ 70 దాటినవారైతే ఆ 5 లక్షలు ఇద్దరికీ కలిపి. కుటుంబం ముందే ఈ పథకంలో ఉంటే, 70 దాటినవారికి అదనంగా మరో 5 లక్షలు ప్రత్యేకంగా లభిస్తాయి. ఇంట్లోని చిన్నవారితో దానిని పంచుకోనక్కరలేదు. కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం, మాజీ సైనికుల ఆరోగ్య పథకం వంటివాటిలో ఉన్నవారు మాత్రం ఆ పథకాన్నో, దీనినో ఏదో ఒకదానిని ఎంచుకోవాలి. ఈఎస్‌ఐ లేదా ప్రైవేటు బీమా ఉన్నవారు దానిని ఉంచుకుంటూనే ఈ కార్డూ తీసుకోవచ్చు.

ఈ కార్డు కోసం కావలసింది ప్రధానంగా ఆధార్. ఆయుష్మాన్ యాప్ ద్వారా చేతిఫోనులోనే నమోదు చేయవచ్చు. పథకంలో చేరిన ఆసుపత్రులలో కూడా చేస్తారు. వివరాలకు 14555 అనే నంబరుకు ఫోన్ చేయవచ్చు.

దీని పరిమితిని కూడా తెలుసుకోండి. ఇది ఆసుపత్రిలో చేరినప్పటి చికిత్స కోసం. ప్రతి నెలా వాడే రక్తపోటు మాత్రలు, మధుమేహం మాత్రలు, ఊరికే డాక్టరుకు చూపించుకొని వచ్చే ఖర్చులు ఇందులోకి రావు. వాటి కోసం ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని, హైదరాబాదులోనైతే బస్తీ దవాఖానాను ఉపయోగించుకోండి. జన ఔషధి కేంద్రాలలో అవే మందులు తక్కువ ధరకు దొరుకుతాయి. సగం మంది వృద్ధుల ఆసుపత్రి ప్రయాణం మాత్రలు మానివేయడంతోనే మొదలవుతున్నదా అనిపించేంతగా ఈ నిర్లక్ష్యం మన ఇళ్లలో ఉంది. మందు మానడం ఓర్పు కాదు.

విరమణకూ డెబ్బైకీ మధ్య ఉన్న ఖాళీ

సోదరులారా! ఇక్కడ ఒక ముఖ్య విషయాన్ని గమనించండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి 60వ ఏట, తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగి 61వ ఏట, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉద్యోగి 62వ ఏట విరమిస్తారు. ప్రైవేటు సంస్థలలో పనిచేసేవారిలో చాలామంది 58కే ఇంటికి వస్తారు. వృద్ధుల కార్డు వచ్చేది 70కి. ఈ మధ్యకాలం ఎనిమిది నుంచి పన్నెండు సంవత్సరాలు. గుండె, చక్కెర, మోకాళ్లు మొదటిసారి ఇబ్బందిపెట్టేది ఈ కాలంలోనే. ఈ ఖాళీని పూడ్చుకునే పని విరమణకు ముందే జరగాలి.

ఈఎస్‌ఐ సభ్యులుగా ఉండి, కనీసం 5 సంవత్సరాలు బీమా పరిధిలో పనిచేసి, విరమణ వయస్సుకు చేరి ఉద్యోగం వదిలినవారికి, వారి భార్యకు లేదా భర్తకు, ఏడాదికి 120 రూపాయలు చెల్లిస్తే వైద్య సదుపాయం కొనసాగుతుంది. నెలకు 10 రూపాయలన్నమాట! బీడీ కంపెనీలలో, మందుల కర్మాగారాలలో, ప్రెస్సులలో, దుకాణాలలో సంవత్సరాల తరబడి పనిచేసి విరమించిన ఎందరో సోదరులకు ఈ సంగతే తెలియదు. విరమణ పత్రం తీసుకొని ఈఎస్‌ఐ శాఖా కార్యాలయంలో అడగండి.

కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు ప్రతి సంవత్సరం చందా కట్టవచ్చు, లేదా పదేళ్ల చందాను ఒకేసారి కట్టి జీవితకాల కార్డు పొందవచ్చు. రైల్వే ఉద్యోగులకు విరమణ తరువాత కూడా కొనసాగే వైద్య పథకం వేరుగా ఉంది. రాష్ట్ర ప్రభుత్వ పెన్షనర్లకు ఉద్యోగుల ఆరోగ్య పథకం ఉంది. వీటి దరఖాస్తులను పెన్షన్ కాగితాలతో పాటే పూర్తిచేయాలి. కార్యాలయంలో మీ మాట వినేవారు ఉన్నప్పుడే ఆ పని ముగించండి.

ఆదాయం తక్కువగా ఉన్న కుటుంబాలకు 2007 ఏప్రిల్ 1న మొదలైన ఆరోగ్యశ్రీ ఉంది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి దాని పరిమితి 10 లక్షల రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడది ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్నది. వీటికి వయస్సుతో పనిలేదు. రేషన్ కార్డులో ఇంట్లో అందరి పేర్లూ ఉన్నాయా అన్నదే ముఖ్యం. కొడుకులు వేరుపడి కొత్త కార్డులు తీసుకున్నప్పుడు, తల్లి పేరు ఏ కార్డులోనూ లేకుండా పోయిన ఇళ్లున్నాయి. ఒకసారి తీసి చూడండి.

కంపెనీ ఇచ్చిన సామూహిక బీమాపైనే ఆధారపడినవారు, ఉద్యోగంతో పాటే అది సాధారణంగా ముగుస్తుందని గుర్తుంచుకోవాలి. తరువాత కొత్త పాలసీ తీసుకుంటే, పాత వ్యాధులకు మూడేళ్ల దాకా వేచి ఉండవలసి రావచ్చు. కనుక విరమణకు రెండు మూడేళ్ల ముందే తమ దారి ఏమిటో నిర్ణయించుకోవాలి.

ఈ మాట మీకూ, నాకూ అల్లాహ్ మేలుగా చేయుగాక! అల్లాహ్ మనందరినీ మన్నించుగాక!

రెండవ ఖుత్బా

సర్వస్తుతులూ అల్లాహ్‌కే. దైవప్రవక్త (స)పై దరూద్, సలాం.

సోదరులారా! దివ్య ఖుర్ఆన్‌లోని అతి పొడవైన వాక్యం ఏ విషయం గురించినదో మీకు తెలుసు. సూరా అల్‌బఖరాలోని 282వ వాక్యమది. గడువు పెట్టి ఇచ్చిపుచ్చుకునే అప్పును పత్రంపై రాసుకోమని, చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుగు చెందవద్దని, సాక్షులను ఉంచుకోమని అల్లాహ్ అందులో నేర్పాడు. కాగితాలను సరిగా ఉంచుకోవడం మన గ్రంథం నేర్పిన అలవాటు. అయినా మన ఇళ్లలో కాగితాల పరిస్థితి ఎలా ఉంది? ఆధార్‌లో ఒక పేరు, రేషన్ కార్డులో మరొక పేరు, పెన్షన్ పుస్తకంలో ఇంకొకటి. ఒకచోట షేక్, మరొకచోట షైక్. ఒకచోట మహమ్మద్, మరొకచోట మొహమ్మద్, ఇంకొకచోట ఒక్క ఎం అక్షరం, దాని పక్కన చుక్క. తల్లి పేరు ఒక కార్డులో బీ అని, మరొకదానిలో బేగం అని. ఇవన్నీ ఒకే మనిషివని మనకు తెలుసు, కంప్యూటరుకు తెలియదు. 55 దాటిన ప్రతి సోదరుడూ, సోదరీ తమ కాగితాలన్నిటినీ ఒకచోట పరచి పేరు, పుట్టినతేదీ సరిపోల్చుకోవాలి. ఆధార్‌లో పేరును రెండుసార్లు, పుట్టినతేదీని ఒక్కసారే మార్చుకునే వీలుంది. కనుక సరైన రుజువు చేతిలో ఉంచుకొని, జాగ్రత్తగా మార్పించుకోవాలి.

ఇక్కడే ఒక హెచ్చరిక చేయడం నా బాధ్యత. చాలామంది పెద్దల పుట్టినతేదీ ఎవరికీ తెలియదు. ఆధార్ తీసేటప్పుడు ఉజ్జాయింపుగా జనవరి 1 అని రాశారు. పొరపాటును నిజమైన రుజువుతో దిద్దించుకోవడం ధర్మం. కాని 65 ఏళ్ల మనిషి కార్డు కోసం 70 అని రాయించుకోవడం అబద్ధం. ఆదాయం దాచి పేదల కార్డు తీసుకోవడం అబద్ధం. జరగని చికిత్సకు ఆసుపత్రి బిల్లు పెడుతుంటే తెలిసి వేలిముద్ర వేయడం ఖియానత్. ఉమ్మడి నిధి నుంచి అన్యాయంగా తీసుకున్నదాని భారం చిన్నది కాదు. యుద్ధప్రాప్తి పంచకముందే దాని నుంచి ఒక దుప్పటి కాజేసిన వ్యక్తి విషయంలో దైవప్రవక్త (స) ఎంత తీవ్రంగా హెచ్చరించారో మనకు తెలుసు. మన హక్కును వదులుకోవద్దు, ఇతరుల హక్కును ముట్టవద్దు. రెండూ ధర్మమే.

ఇప్పుడు సంతానాన్ని ఉద్దేశించి ఒక మాట. తల్లిదండ్రులు మీ దగ్గర వృద్ధాప్యానికి చేరినప్పుడు వారి ముందు విసుగుమాట సైతం పలకవద్దని సూరా బనీ ఇస్రాయీల్‌లో అల్లాహ్ ఆదేశించాడు. విసుగు నోటితోనే కాదు, జాప్యంతో కూడా వ్యక్తమవుతుంది. "వచ్చే నెల చేద్దాంలే నాన్నా" అని రెండేళ్లు గడపడం కూడా విసుగే. మీకు ఈఎస్‌ఐ ఉంటే, ప్రభుత్వోద్యోగం ఉంటే, మీపై ఆధారపడిన తల్లిదండ్రులను నిర్ణీత ఆదాయ పరిమితికి లోబడి మీ కార్డులోనే చేర్చుకునే వీలుంది. భార్యాపిల్లల పేర్లు రాయించి, అమ్మీ, అబ్బాల గడి ఖాళీగా వదిలిన కార్డులు మన జేబుల్లో ఎన్ని ఉన్నాయో ఈ రోజే చూసుకుందాం. విదేశాల్లో ఉన్న బిడ్డలు నెలనెలా డబ్బు పంపుతున్నారు, అల్లాహ్ వారికి ప్రతిఫలం ప్రసాదించుగాక! వారు దానితో పాటు ఒక ఫోను చేసి కార్డు అయిందా లేదా అని కూడా అడగాలి.

ఇంటి పెద్దలారా! మీ కార్డు ఎక్కడ ఉందో, మీరు వాడే మందులేమిటో, ఏ ఆసుపత్రి పథకంలో ఉందో మీ భార్యకు, బిడ్డలకు చెప్పి ఉంచండి. మాట పడిపోయిన మనిషి బీరువా తాళం ఎక్కడుందో చెప్పలేడు. మీకు 70 నిండి కార్డు వచ్చినా, మీ భార్యకు 62 అయితే ఆ కార్డు ఆమెకు వర్తించదని గుర్తుంచుకోండి. ఆమె కోసం ఏ దారి ఉందో వేరుగా చూడండి.

మస్జిదు కమిటీ సోదరులకు, యువకులకు నా విన్నపం. ఒక జుమా నమాజు తరువాత మన మస్జిదు ఆవరణలో బల్ల వేసి, ఫోను పట్టుకొని కూర్చోండి. మొహల్లాలో 70 దాటినవారి పట్టిక రాయండి. కదలలేనివారి ఇంటికి వెళ్లండి. పొరుగున ఉన్న ముస్లిమేతర వృద్ధులకు కూడా చేసిపెట్టండి. ఉమర్ (రజి) చేయి పట్టుకొని తీసుకువెళ్లింది ఎవరినో మనం ఇప్పుడే విన్నాం. తన సోదరుని అవసరాన్ని తీర్చేవాని అవసరాన్ని అల్లాహ్ తీరుస్తాడన్న శుభవార్తను దైవప్రవక్త (స) మనకు ఇచ్చారు. ఒక వృద్ధురాలి కార్డు చేసిపెట్టడానికి పట్టేది కొద్ది నిమిషాలు. అది ఆమె గాజులను తాకట్టు కొట్టు నుంచి, ఆమె కొడుకును వడ్డీ నుంచి కాపాడవచ్చు.

ఇవన్నీ చేసిన తరువాత చేతులెత్తి దుఆ చేద్దాం. ఎందుకంటే స్వస్థత కార్డులో లేదు, ఆసుపత్రిలో లేదు, అల్లాహ్ చేతిలో ఉంది.

ఓ అల్లాహ్! మా పెద్దలకు ఆరోగ్యాన్ని, మనశ్శాంతిని ప్రసాదించు. మమ్మల్ని పరుల ముందు చేయి చాచే స్థితి నుంచి, అప్పుల భారం నుంచి, వడ్డీ కీడు నుంచి కాపాడు. మా తల్లిదండ్రులకు సేవ చేసే భాగ్యాన్ని మాకు కలుగజేయి. వ్యాధిగ్రస్తులందరికీ స్వస్థతను అనుగ్రహించు. మా వయస్సులోని చివరి భాగాన్ని ఉత్తమమైనదిగా చేయి. విశ్వాస స్థితిలోనే మమ్మల్ని నీ వద్దకు పిలుచుకో. ఆమీన్.